పిల్లికి పేలు, ఇంటికి చికిత్స

పిల్లిని పెంచుకునే గృహస్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. “అయ్యా, మా పిల్లికి పేలు పట్టినవి. ఇంగ్లీషు మందులు వాడడం మాకు ఇష్టం లేదు. వేపనూనె రాయమంటారా, కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయమంటారా?” రెండూ రాయవద్దన్నదే నా సమాధానం. ఆయుర్వేద వైద్యుడే ఈ మాట చెప్పడం కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. కనుక కారణం వివరించడం నా ధర్మం.

శత్రువు నివాసం ఎక్కడ?

మన తలలో పెరిగే పేను వేరు, పిల్లిని పట్టే ఈ పురుగు వేరు. ఆంగ్లంలో దీనిని ‘ఫ్లీ’ అంటారు. ముదురు గోధుమరంగులో, నువ్వుగింజకన్న చిన్నదిగా, ఇరుప్రక్కల నుండి నొక్కినట్లు పలుచగా ఉంటుంది. రెక్కలు లేవు గాని, వెనుక కాళ్ళ బలంతో చాలా దూరం గెంతుతుంది. పశువులకూ కుక్కలకూ అంటుకొని రక్తం త్రాగి ఉబ్బే పిడుదు ఇది కాదు. పిల్లిని పట్టే ఈ జాతియే కుక్కలనూ పడుతుంది, ఆకలి వేస్తే మనుషులనూ కుడుతుంది.

ఆడపురుగు రక్తం త్రాగిన తరువాత రోజుకు 40 వరకు గ్రుడ్లు పెట్టగలదు. ఆ గ్రుడ్లు పిల్లి ఒంటికి అంటుకొని ఉండవు. అది పడుకున్న చోటనెల్లా రాలిపోతాయి. వాటినుండి వచ్చే పిల్లపురుగులు వెలుతురుకు జంకి చాప క్రిందికి, పరుపు అంచులలోకి, గచ్చు పగుళ్ళలోకి చేరి, పెద్ద పురుగులు విసర్జించిన ఎండు రక్తాన్ని తిని పెరుగుతాయి. తరువాత గూడు కట్టుకొని అందులో నిద్రిస్తాయి. ఆ గూడులో కొన్ని నెలలైనా ఉండగలవు. మనిషి అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి సోకగానే లేచి పైకి దూకుతాయి. ఊరికి వెళ్ళి నెల తరువాత తలుపు తెరిచినవారి కాళ్ళకు పేలు ఒక్కసారిగా ఎగబ్రాకడానికి ఇదే కారణం. ఇంట్లోని మొత్తం సంతతిలో పిల్లి ఒంటిమీద కనిపించే పెద్ద పురుగులు సుమారు 5 శాతం మాత్రమేనని శాస్త్రజ్ఞుల అంచనా. మిగిలినదంతా మన ఇంటి నేలలో, పడకలలో ఉన్నది. అందువలన పిల్లికి మాత్రమే మందు రాయడం చెట్టు వేరును వదలి ఆకులు కోయడం వంటిది.

మనకు ఔషధం, దానికి విషం

“ప్రకృతిసిద్ధమైన వస్తువు గదా, హాని ఏముంటుంది?” అనే భావం ఈనాడు ఇంటింటా వ్యాపించినది. ఇది ఆయుర్వేదం చెప్పిన మాట కాదు. యుక్తి తెలిసి వాడితే విషమూ ఔషధమవుతుందని, తెలియక వాడితే ఔషధమే విషమవుతుందని మన శాస్త్రం బోధించినది. సాత్మ్యం చూడక ఔషధం ఈయరాదన్నది గురుకులంలో మాకు నేర్పిన మొదటి పాఠాలలో ఒకటి. ఏనుగులకు పాలకాప్యుడు, గుఱ్ఱాలకు శాలిహోత్రుడు ప్రత్యేక శాస్త్రాలు చెప్పినారంటే అర్థమేమి? దేహాలు వేరైతే చికిత్స వేరు కావలెననియే గదా.

పిల్లి దేహానికి ఒక లోపం ఉన్నది. కొన్ని పదార్థాలను కాలేయంలో మార్చి బయటకు పంపే శక్తి, మనకున్నంతగా దానికి లేదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, దాని ప్రాణం తీయడానికి. కర్పూరం, నీలగిరి తైలం, నిమ్మనూనె, లవంగ తైలం వంటివీ దానికి ప్రమాదకరమే. పైగా పిల్లి రోజంతా తన ఒంటిని తాను నాకుకుంటుంది. ఒంటికి రాసిన ప్రతి వస్తువూ కడుపులోకి పోతుంది. కనుక దానికి పైపూత అనేది లేదు, అన్నీ లోపలికి ఇచ్చిన మందులే. ఎరిగినవారి ఇంట ఒక పిల్లికూన కర్పూర తైలం పూసిన రాత్రి వణికి వణికి తెల్లవారేసరికి మరణించినది. రాసినవారు ప్రేమతోనే రాసినారు.

గృహిణులు జ్ఞాపకం ఉంచుకొనవలసినవి మరికొన్ని ఉన్నవి. వెల్లుల్లి తినిపిస్తే పేలు పోతాయనడం అపోహ. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తకణాలను చెడగొట్టి పాండురోగం కలిగిస్తాయి. తలలో పేలకు కొందరు వాడే సీతాఫలం గింజల పొడి కంటిలో పడితే మనుషులకే తీవ్రమైన గాయం చేస్తుంది. దానిని పిల్లికి చల్లరాదు. కిరోసిన్ మాట తలపెట్టరాదు. నేల తుడిచే ఫినాయిల్, బట్టల పెట్టెలోని కలరా ఉండలు కూడా పిల్లికి విషాలే. తడినేల మీద నడిచి అది పాదాలు నాకుకుంటుంది. కుక్కల కోసం అమ్మే మందులలో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి ప్రాణాంతకం.

ఇంటికి చేయవలసిన చికిత్స

నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం, చికిత్సలో మొదటి మెట్టు. ఇక్కడ కారణం ఇంట్లో ఉన్నది గనుక చీపురు, వేడినీరు, ఎండ, ఈ మూడే ప్రధానౌషధాలు.

పిల్లి పడుకునే గుడ్డలను వారానికొకసారి బాగా వేడినీటిలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయవలెను. పరుపులను, చాపలను ఎండలో వేసి దులపవలెను. తేమ లేనిచోట పిల్లపురుగులు బ్రతకలేవు. వానకాలంలో ఈ బాధ పెరగడానికి కారణం కూడా అదే. మంచాల క్రింద, బీరువాల వెనుక, గోడ మూలలలో ప్రతిదినం ఊడ్వవలెను. ఊడ్చిన చెత్తను పెరట్లో కుప్ప వేయక, సంచిలో బిగించి వెంటనే ఇంటి బయట పారవేయవలెను. గచ్చు పగుళ్ళను సిమెంటుతో పూడ్చవలెను. వెనుకటి మట్టి ఇళ్ళను వారం వారం అలకడంలో ఈ పగుళ్ళు పూడే ప్రయోజనం కూడా ఉండేది.

వేపాకు, వావిలాకు ఎండబెట్టి పరుపుల క్రింద ఉంచడం, వేప, వస, గుగ్గిలం ధూపం వేయడం మన సంప్రదాయాలు. వీటిని నేను కాదనను. కాని ధూపం వేసేటప్పుడు పిల్లిని బయట ఉంచి, పొగ పూర్తిగా పోయిన పిదపనే లోనికి రానీయవలెను. గూటిలో నిద్రించే పురుగును పొగ చంపదు. ఇది సహాయకమే గాని చికిత్స కాదు.

పిల్లికి చేయవలసినది

ఈర్పెనతో ప్రతిరోజూ మెడచుట్టూ, తోక మొదట దువ్వి, పట్టిన పురుగులను సబ్బునీటిలో ముంచవలెను. దువ్వెనలో నల్లని రవ్వలు వస్తే వాటిని తడి తెల్లగుడ్డ మీద వేయండి. ఎర్రగా కరిగితే అది పేల మలమే, అనగా పిల్లి రక్తమే. పేలు విస్తారంగా ఉంటే పశువైద్యుని సంప్రదించి, పిల్లి వయస్సు, బరువు చూసి ఆయన చెప్పిన మందు వేయించవలెను. ఫిప్రోనిల్, సెలమెక్టిన్ వంటి చుక్కలను నాకుటకు అందని మెడ వెనుక వేస్తారు. ఇంట్లోని పిల్లులకు, కుక్కలకు అన్నింటికీ ఒకేసారి, దేని మందు దానికి, చికిత్స జరుగవలెను. ఆధునిక మందు వాడితే మన శాస్త్రానికి అవమానమని నేను భావించను. తెలియని చోట తెలిసినవానికి అప్పగించడం కూడా వైద్య ధర్మమే.

ఉపేక్షించరాదు

చిన్న కూనలకు పేలు ఎక్కువైతే రక్తక్షీణత వలన చిగుళ్ళు పాలిపోయి మరణం సంభవించవచ్చు. నాకుకునేటప్పుడు పేనును మ్రింగిన పిల్లికి బద్దెపురుగు వ్యాధి వస్తుంది. ఆటలో పొరపాటున అట్టి పేను నోటిలోకి పోతే పసిపిల్లలకూ వస్తుంది. పేల మలం అంటిన గోళ్ళతో గీరితే జ్వరం, గ్రంథుల వాపు కలుగవచ్చు. పిల్లవాని కాళ్ళపై దద్దుర్లు చూసి రక్తదోషమని నెలల తరబడి కషాయాలు త్రాగించేవారున్నారు. చీలమండల దగ్గర గుంపులుగా దద్దుర్లు ఉంటే, కషాయానికి ముందు ఇంట్లో పిల్లి ఉన్నదా అని చూడవలెను. కుట్టిన చోట పిల్లవానికి పసుపు, వేపాకు నూరి పట్టించవచ్చు. అదే ముద్దను పిల్లికి పట్టించరాదు.

తెలియక ఏదైనా తైలం రాసి, పిల్లి చొంగ కారుస్తున్నా, వణుకుతున్నా, తూలుతున్నా, ఇంటి వైద్యం కట్టిపెట్టి తక్షణం పశువైద్యశాలకు తీసుకొనిపోవలెను. వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు.

ఒక వారం ఊడ్చి, పేలు తగ్గినవని మానుకొనడమే పెక్కుమంది చేసే తప్పు. గూళ్ళలోని పురుగులన్నీ బయటపడి నశించేవరకు, కనీసం 3 నెలలు, ఈ నియమం తప్పరాదు. నోరులేని ప్రాణి మన గడపలోకి వచ్చినది. దాని బాధ తీర్చే తొందరలో చేతికందిన సీసా తీయకండి, ముందు చీపురు తీయండి.