గల్లాపెట్టె మీది వపా

గజపతినగరం బజారులో ఒక పాత బట్టలకొట్టు గల్లాపెట్టె పైన అద్దం బిగించిన బొమ్మ ఉంది: బిందె నడుముకు ఆన్చుకుని వెనక్కి చూస్తున్న పల్లెపడుచు. ఏనాటిదో పత్రిక ముఖచిత్రం. ఫ్రేములో పట్టడం కోసం అంచు కత్తిరించారు, దాంతో చిత్రకారుడి సంతకం పోయింది. ఆ రంగుల పొగమంచు చూస్తే చాలు, ‘వపా’గా పేరుపడ్డ వడ్డాది పాపయ్యదని తెలిసిపోతుంది. ముఖచిత్రమే కదా, అసలు బొమ్మ కాదుగా అని తేల్చేసేవాళ్లతో నాకు పేచీ. అసలు బొమ్మే లెక్కయ్యే చిత్రాలు వేరే ఉన్నాయి: స్పెయిన్ చిత్రకారుడు ఆంటోనియో లోపెజ్ గార్సియా మాడ్రిడ్‌లోని గ్రాన్ వియా వీధిని 1974 నుంచి 1981 దాకా, తెల్లవారే వెలుగు కోసం కాచుకుని మరీ గీశాడు. ఆ బొమ్మ ఒక్కటే, దాని దగ్గరికి మనమే వెళ్లాలి. కానీ 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వపా ‘చందమామ’కూ ‘యువ’కూ గీసింది అచ్చు కోసమే. పాఠకుడి చేతికొచ్చిన ఆ కాగితమే ఆయన మనకివ్వదలచిన చిత్రం. అందుకే, పాతకాగితాలవాడికి తూకానికి వేయకుండా దాచి, సొంత డబ్బుతో ఫ్రేము కట్టించిన ఆ కొట్టు పెద్దాయన్ని నేను కళాసేకర్త అనే అంటాను. ఏ విమర్శకుడూ చెప్పకుండానే, తన కంటికి నచ్చి ఎంచుకున్నాడు. ఉత్తరాంధ్ర చిత్రశాల చాలావరకు ఇలా కొట్లలో, ఇళ్ల నడవల్లో వేలాడుతోంది, ఎండకు వెలిసిపోతోంది. మీ ఇంట్లో అలాంటిదుంటే ఎండపడని గోడకు మార్చండి. వెనక అట్టమీద ‘వడ్డాది పాపయ్య’ అని రాసిపెట్టండి.