మనసు సాఫ్ట్‌వేరూ కాదు, ఒళ్ళు హార్డ్‌వేరూ కాదు

మన ఐటీ జనాల నోట తరచూ వినపడే ముక్క ఒకటుంది. "మనసు సాఫ్ట్‌వేర్, శరీరం హార్డ్‌వేర్". వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఇదే, ప్రవచనాల్లో ఇదే, క్యాంటీన్ కబుర్లలోనూ ఇదే. వినడానికి బానే ఉంటుంది. కానీ ఇది తప్పుడు పోలికే కాదు, హాని చేసే పోలిక అని నా వాదన.

ఇదేం గాల్లోంచి ఊడిపడలేదు. 1960లలో హిలరీ పట్నమ్ అనే అమెరికన్ తత్వవేత్త మానసిక స్థితుల్ని ట్యూరింగ్ మెషీన్ స్థితులతో పోల్చాడు. దేనితో తయారైందన్నది కాదు, ఏం పని చేస్తోందన్నదే ముఖ్యం అన్నాడు. దీన్నే ఫంక్షనలిజం అంటారు. తమాషా ఏంటంటే, 1988లో వేసిన పుస్తకంలో ఆ పట్నమే ఇది కుదరదని తేల్చేశాడు. రాసినాయన వదిలేసిన వెర్షన్‌ని మనం ఇంకా ప్రొడక్షన్‌లో నడుపుతున్నామన్నమాట :)

రాసినాయన వదిలేసినంత మాత్రాన తప్పయిపోదు, ఇప్పటికీ దాన్ని సమర్థించేవాళ్ళున్నారు. ఒప్పుకుంటా. అందుకే మనకు తెలిసిన పనితోనే చూద్దాం. వర్చువల్ మెషీన్‌ని ఒక సర్వర్ మీంచి ఇంకోదాని మీదకి మారిస్తే లోపలి అప్లికేషన్‌కి ఆ సంగతే తెలీదు. మరి మనసో? థైరాయిడ్ తగ్గితే దిగులు పట్టుకోవచ్చు. రెండు రాత్రులు నిద్ర లేకపోతే పక్కవాడి మీద చిరాకు. రేపు ప్రెజెంటేషనంటే ఇవాళే కడుపులో తిప్పుతుంది. ప్రాసెసర్ వేడెక్కితే ప్రోగ్రామూ నెమ్మదిస్తుందిగా అంటారా? నెమ్మదిస్తుంది, కానీ దాని లెక్కలు మారిపోవు. మనకి మారిపోతాయి.

అసలీ విడగొట్టడం పాత జబ్బే. 1641లో డెకార్ట్ మనసు వేరు, దేహం వేరు అన్నాడు. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకి ఉత్తరం రాసి ఒకటే అడిగింది: పదార్థమే కాని ఆత్మ దేహాన్నెలా కదిలిస్తుంది? ఆయన సరైన జవాబు చెప్పలేకపోయాడు.

"ఇదంతా పాశ్చాత్యుల గోల, మనవాళ్ళెప్పుడో తేల్చేశారు" అనేవాళ్ళకి ఒక మాట. మనవాళ్ళు తేల్చలేదు, వాదించుకున్నారు. సాంఖ్యంలో బుద్ధి, అహంకారం, మనసు మూడూ ప్రకృతిలో భాగాలే, పురుషుడొక్కడే వేరు. అంటే మనసు కూడా జడం వైపే! చార్వాకులైతే, పులిసిన సరుకులోంచి మత్తు పుట్టినట్టు భూతాల కలయికలోంచి చైతన్యం పుడుతుందన్నారు. మనసుని, ఆత్మని కలిపేసి మాట్లాడేవాళ్ళు ముందీ తేడా చూసుకుంటే మంచిది.

ఇంతకీ ఈ గొడవంతా మనకెందుకంటే, టీములో ఒకడికి జ్వరమంటే "రెస్ట్ తీస్కో" అంటాం. డిప్రెషనంటే "అంతా మైండ్‌లోనే ఉంది, పాజిటివ్‌గా ఆలోచించు" అంటాం. సాఫ్ట్‌వేర్ బగ్గే కదా, వాడే ఫిక్స్ చేసుకోవాలని మన లెక్క. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 21వ సెక్షన్ మానసిక జబ్బుకీ శారీరక జబ్బుతో సమానంగా వైద్య బీమా ఇవ్వాలంటోంది. చట్టం తీసేసిన గోడని మనం మాటలతో మళ్ళీ కడుతున్నాం.

ఒంట్లో జరిగేది అనుభవంగా ఎలా మారుతుందన్నది ఇంకా తేలని ప్రశ్నే. అది తేలేవరకూ ఆగక్కర్లేదు. డాక్టరు దగ్గరకి వెళ్ళాల్సినవాడిని పుస్తకాల షాపుకి పంపడం మానేస్తే చాలు.