అద్దె సైకిల్ ఎందుకు ఆగింది? ఈ-బైక్ ఎవరికి అందింది?

పట్టణ రవాణా మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది చివరి పేరాలో ఒక వాక్యం తప్పకుండా రాస్తాం: సైకిల్ షేరింగ్, ఈ-బైక్‌ల వంటి పర్యావరణహిత రవాణాను ప్రోత్సహించాలి. అందులో తప్పేమీ లేదు. కానీ గత కొన్నేళ్లలో మన నగరాలు వాటిని నిజంగానే ప్రోత్సహించాయి. అప్పుడు ఏం జరిగిందో రాయకపోతే ఆ వాక్యానికి విలువ లేదు. నా అభిప్రాయం ఇది: మన నగరాలు సైకిళ్లు తెచ్చాయి, యాప్‌లు తెచ్చాయి, వాటికి దారి మాత్రం ఇవ్వలేదు. దారి ఇవ్వకుండా ఎన్ని వేల బండ్లు దింపినా పథకం నిలబడదు.

ఇప్పటివరకు జరిగింది

2017 జూన్‌లో మైసూరులో 'ట్రిన్ ట్రిన్' మొదలైంది. 450 సైకిళ్లు, 48 స్టేషన్లు. ప్రపంచ పర్యావరణ నిధి సాయం, కర్ణాటక ప్రభుత్వ పర్యవేక్షణ. అదే నెలలో భోపాల్ తన స్మార్ట్ సిటీ పథకం కింద 500 సైకిళ్లు పెట్టింది. ఆ నవంబరులో హైదరాబాద్ మెట్రో ప్రారంభమైనప్పుడు స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు కనిపించాయి. పుణె, బెంగళూరు వంటి నగరాల్లోకి ఓఫో, మోబైక్, పెడల్, యూలూ వచ్చాయి. చైనా కంపెనీ ఓఫో 2018లోనే భారత్ నుంచి వెళ్లిపోయింది. మిగిలినవాటిలోనూ చాలావరకు తెరమరుగయ్యాయి. యాప్ కంపెనీలు వచ్చిపోయాక కూడా మైసూరు పథకం కొనసాగింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

డబ్బు లెక్క

ఇంజనీరింగ్ చదివినవారికి ఇది ఆసక్తికరమైన సమస్య. ఉదయం అందరూ మెట్రో దిగి ఒకే వైపు సైకిల్ తొక్కుకుంటూ పోతారు. ఒక చోట స్టాండు ఖాళీ, ఇంకో చోట కిక్కిరిసి ఉంటుంది. సైకిళ్లను వ్యాన్లలో ఎక్కించి తిరిగి సర్దాలి. పంక్చర్లు, చైన్లు, విరిగిన తాళాలు బాగుచేయాలి. అరగంటకు కొద్ది రూపాయల అద్దెతో ఈ ఖర్చంతా రాదు.

సిటీ బస్సు నష్టంలో నడిస్తే ప్రజాసేవ అంటాం. అద్దె సైకిల్ మాత్రం తన ఖర్చు తానే సంపాదించుకోవాలంటాం. పారిస్‌లో 2007లో మొదలైన వెలిబ్ పథకానికి ఆ డబ్బు ప్రకటనల హోర్డింగుల హక్కుల నుంచి వచ్చేలా చూశారు. చైనాలోని హాంగ్‌ఝౌలో 2008 నుంచి ప్రజా రవాణా సంస్థే ఆ బాధ్యత తీసుకుంది. ప్రభుత్వం బాధ్యత తీసుకున్న చోటే సేవ నిలిచింది.

దారి లెక్క

2011 జనగణన ప్రకారం వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాక ఇతర పనులకు వెళ్లేవారిలో సుమారు 13 శాతం సైకిల్ మీద వెళ్తున్నారు. బైకులు, స్కూటర్ల మీద వెళ్లేవారి కంటే అది కాస్త ఎక్కువ. పాల ప్యాకెట్లు వేసేవారు, వాచ్‌మెన్, భవన నిర్మాణ కూలీలు ఇలా తిరుగుతున్నవారే. వారిని మన నగరాలు ఎలా చూశాయి? 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. విమర్శలు వచ్చాక ఆ జాబితాను కుదించారు.

హైదరాబాద్ సంగతి చూడండి. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. వ్యాయామానికి మంచిదే. అమీర్‌పేటలో మెట్రో దిగి పనికి వెళ్లే మనిషికి దానితో పని లేదు.

మన ఎండల్లో సైకిల్ ఎవరు తొక్కుతారని కొందరు అడుగుతారు. ఆ 13 శాతం మంది తొక్కుతున్నది ఈ ఎండల్లోనే. ట్రాక్ వేస్తే దాని మీద కార్లు ఆపుతారన్న అభ్యంతరం నిజమే. కానీ అది ట్రాఫిక్ నియమాలు అమలుచేయని లోపం. దాన్ని సైకిల్ మీదకు నెట్టకూడదు.

ఈ-బైక్ కొత్త మలుపు

మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, నిర్ణీత షరతులకు లోబడితే ఈ-బైక్‌ను కేంద్ర మోటారు వాహన నియమాలు మోటారు వాహనంగా లెక్కించవు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉద్యోగులను మెట్రో నుంచి ఆఫీసుకు చేర్చడానికి వచ్చిన ఈ బండ్లను ఇప్పుడు ఎక్కువగా డెలివరీ కుర్రాళ్లు అద్దెకు తీసుకుంటున్నారు. సొంత బండి, లైసెన్సు లేనివారికి ఇది బతుకుతెరువు. దీన్ని పథకం వైఫల్యం అనలేం.

కానీ ప్రమాదం ఎవరి మీద పడుతోంది? నెమ్మదిగా వెళ్లే బండి, వేగంగా దూసుకొచ్చే ట్రాఫిక్, ఆర్డర్ అందించాల్సిన తొందర. మోటారు వాహనం కాదు కాబట్టి థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి కాదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో గిగ్ కార్మికులు 77 లక్షలు, 2029-30కి 2.35 కోట్లు అవుతారని అంచనా. రవాణా ప్రశ్న ఇక్కడ కార్మిక సంక్షేమ ప్రశ్నగా మారుతుంది. జవాబులో ఈ రెండింటినీ కలపండి.

ఏం చేయాలి?

1. అద్దె సైకిళ్లను ప్రజా రవాణాలో భాగంగా చూడాలి. ఎన్ని సైకిళ్లు పనిచేసే స్థితిలో ఉన్నాయో లెక్కగట్టి నిర్వాహకుడికి చెల్లించాలి. మెట్రో, బస్సు, సైకిల్‌కు ఒకే కార్డు ఉండాలి.

2. ప్రతి మెట్రో స్టేషన్, బస్ డిపో చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల మేర ముందుగా రక్షిత సైకిల్ దారి వేయాలి. రోడ్డు స్థలం వాహనాలకు కాక మనుషులకు పంచాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది.

3. ఈ-బైక్ అద్దెలోనే ప్రమాద బీమా, హెల్మెట్ కలిపి ఇవ్వాలి. డెలివరీ కంపెనీలు ఖర్చులో వాటా భరించాలి.

4. సైకిల్ ఇచ్చేది ఒకరు, రోడ్డు వేసేది ఇంకొకరు, ట్రాఫిక్ చూసేది మరొకరు. 2017 మెట్రో రైలు విధానం చెప్పిన ఏకీకృత మెట్రోపాలిటన్ రవాణా సంస్థకు నిజమైన అధికారం, నిధులు ఇవ్వాలి.

ఈ అంశం జీఎస్-1లో పట్టణీకరణకు, జీఎస్-3లో మౌలిక సదుపాయాలకు, వ్యాసం పేపర్‌కు కూడా పనికొస్తుంది. ఈసారి 'ప్రోత్సహించాలి' అని రాసేముందు ఎవరు ప్రోత్సహించాలి, ఏ రోడ్డు మీద, ఎవరి డబ్బుతో అన్న మూడు ప్రశ్నలు వేసుకోండి.

సాధన ప్రశ్న: భారతీయ నగరాల్లో అద్దె సైకిల్, ఈ-బైక్ సేవల సమస్య సాంకేతికతది కాదు, రోడ్డు స్థలం పంపకానిది. చర్చించండి. (250 పదాలు)