లైబ్రరీలో కంప్యూటర్ ఒక్కటే చాలదు, నేర్పే మనిషి కావాలి



వానల్లేక అమ్మానాన్నలు బెంగళూరు పనులకు పోతే, మనం అనంతపురం హాస్టళ్లలో ఉండి డీఎస్సీకో, గ్రూప్స్‌కో చదువుతున్నాం. స్కాలర్‌షిప్, హాల్‌టికెట్, రిజల్ట్స్ అన్నీ ఆన్‌లైనే. ప్రతిదానికీ నెట్ సెంటర్లో డబ్బులు కట్టాల్సిందే.

మేము పోయిన ఒక శాఖా గ్రంథాలయంలో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి పెట్టినారు. అడిగితే, "మాకెవరూ నేర్పలేదు నాయనా" అన్నారు. తప్పు ఆయనది కాదు. శిక్షణ ఇవ్వకుండా మిషన్ ఒక్కటే పంపినోళ్లది.

1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు పోతుంది. తండాలో పన్ను కట్టే మనవాళ్ల డబ్బు కూడా అందులో ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు ఫ్రీగా దొరుకుతాయి. ఎట్లా వెతకాలో చూపించే మనిషే లేడు.

"అందరికీ ఫోన్లున్నాయి కదా" అంటారు. ఇంటికి ఒకటే ఫోన్, అదీ నాన్నతో పాటు బెంగళూరులో ఉంటే?

అందుకే మేము అడిగేది ఒక్కటే. ప్రతి గ్రంథాలయ ఉద్యోగికీ ఫారం నింపడం, డిజిటల్ పుస్తకాలు వెతకడం, పాస్‌వర్డ్ జాగ్రత్తలు చేతితో చేయించి నేర్పాలి. ఒక్కరోజు మీటింగు పెట్టి ఫొటోలు దిగితే చాలదు.

నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలోనే అందరం కలిసి పోయి జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ ఇద్దాం. మీ ఊరి లైబ్రరీ ఎట్లుందో రాయండి, అర్జీలో చేరుస్తాం.