కదలని మెనూ

విండోస్ కంప్యూటర్‌లో స్టార్ట్ మెనూను సొంత అవసరానికి తగినట్టు సర్దుకోవడం పెద్ద విద్యేమీ కాదు. రోజూ వాడే ప్రోగ్రాములను పిన్ చేయడం, ఎన్నడూ ముట్టనివాటిని తీసేయడం, ఒక జాతివాటిని ఒక ఫోల్డర్‌లో వేయడం, బటన్ ఎక్కడ ఉండాలో నిర్ణయించడం, అడగని సిఫార్సులను ఆపేయడం. ఇంతే పని. అయినా దీనికి గౌరవం లేదు. కంప్యూటర్‌ను వచ్చినది వచ్చినట్టు వాడుకునేవారు బుద్ధిమంతులనీ, మెనూలు సర్దుతూ కూర్చునేవారికి వేరే పని లేదనీ ఒక అభిప్రాయం ఆఫీసుల్లోనూ, కంప్యూటర్ నేర్పే చోట్లా స్థిరపడిపోయింది. సర్దుబాటును వాల్‌పేపర్ మార్చడంలాంటి సరదాగా లెక్కగట్టడంలోనే అసలు పొరపాటు ఉంది. వాల్‌పేపర్ మార్చేవారు కొత్తదనం కోరతారు. మెనూ సర్దుకునేవారు కోరేది, నిన్న ఉన్న వస్తువు ఇవాళ కూడా అక్కడే ఉండాలని.

ఈ అభిప్రాయానికి మొదటి ఆధారం నిపుణుల మీద నమ్మకం. మెనూను అనుభవజ్ఞులు పరీక్షలు చేసి, లెక్కలు చూసి తయారుచేశారు కాబట్టి దాన్ని కదిలించకూడదంటారు. పరీక్షలు జరిగిన మాట నిజమే. విండోస్ 3.1లోని ప్రోగ్రామ్ మేనేజర్‌లో కిటికీల మీద కిటికీలు పేరుకుపోయి, కొత్తవారికి ఏ ప్రోగ్రాము ఎక్కడుందో తెలిసేది కాదు. దానికి విరుగుడుగా, షికాగో అన్న మారుపేరుతో సాగిన విండోస్ 95 తయారీలో మొదట తెర అడుగున మూడు బటన్లు పెట్టారు. ఒకటి వ్యవస్థకు, ఒకటి వెతకడానికి, ఒకటి సహాయానికి. జనం తికమకపడటం చూసి మూడింటినీ ఒకటి చేశారు. స్టార్ట్ బటన్ రూపకర్తగా డానీ ఓరన్ పేరు చెబుతారు. 1995 ఆగస్టు 24న విండోస్ 95 బజారుకు వచ్చినప్పుడు ఆ బటనే దాని ముఖచిత్రమైంది.

నిపుణులను ముందుపెట్టి వాదించేవారు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ మెనూ నిజానికి డిస్కులో ఉన్న ఒక మామూలు ఫోల్డర్. అందులో వేసిన ప్రతి షార్ట్‌కటూ మెనూలో ఒక వరుసగా, లోపల చేసిన ప్రతి ఫోల్డరూ పక్కకు తెరుచుకునే ఉపమెనూగా కనిపించేవి. బటన్ మీద కుడి క్లిక్ చేసి ఓపెన్ అన్నది ఎంచుకుంటే ఆ ఫోల్డర్ తెరుచుకునేది. ఉత్తరాలు ఒకచోట, ఖాతాలు ఒకచోట, పిల్లల ఆటలు ఒకచోట వేసుకోవడానికి ప్రత్యేక సాధనం అవసరం లేకపోయింది. ఫైళ్లను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మార్చడం వస్తే మెనూ సర్దడం వచ్చినట్టే. అంటే సర్దుకునే వీలు తరవాత తగిలించిన నగ కాదు. మెనూ పుట్టుకలోనే ఉంది. మెనూను తయారుచేసినవాళ్లే దాన్ని వాడేవారి చేతికి అందేలా పెట్టారు.

ఇక నిపుణుల తీర్పు అంత స్థిరమైనదా అంటే, చరిత్ర అలా చెప్పదు. 2001లో ఎక్స్‌పీ మెనూను రెండు నిలువు వరుసలు చేసింది. పాతది కావలసినవారికి పాత రూపాన్ని కూడా ఉంచింది. 2009లో విండోస్ 7 ఆ పాత రూపాన్ని తీసేసింది. 2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8 బటన్‌నే తీసేసి, మెనూ స్థానంలో తెరంతా పరుచుకునే పలకల పేజీ పెట్టింది. మౌస్‌ను ఎడమ కింది మూలకు తోస్తే తప్ప దాని జాడ దొరికేది కాదు. ఈ మార్పుకు ఆనాడు చూపిన సమర్థన వినియోగ గణాంకాలే: జనం స్టార్ట్ మెనూను మునుపటికన్నా తక్కువసార్లు తెరుస్తున్నారట. తెరిచిన సంఖ్య లెక్కపెట్టగలరు, ఆ తెరవడం వెనక ఉన్న అవసరాన్ని లెక్కపెట్టలేరు. ఇంట్లో మందుల డబ్బా మూత ఏడాదికి ఎన్నిసార్లు తీశారో చూసి దాన్ని అటక మీదికి చేర్చే ఇల్లాలు ఉండదు. 2013 అక్టోబరులో విండోస్ 8.1తో బటన్ తిరిగొచ్చింది. 2015లో విండోస్ 10తో మెనూ కూడా తిరిగొచ్చింది. మెనూ లేని ఆ కాలంలో ఐవో బెల్చెవ్ రాసిన క్లాసిక్ షెల్ వంటి ఉచిత ప్రోగ్రాముల సాయంతో పాత మెనూను తిరిగి తెచ్చుకున్నవాళ్లను మొండివాళ్లనీ, మార్పుకు భయపడేవాళ్లనీ అన్నారు. చివరికి తయారీదారే వాళ్ల దారికి వచ్చాడు.

డిఫాల్ట్ అమరికలో ఎవరి పక్షమూ ఉండదని అనుకోవడం కూడా అమాయకత్వమే. విండోస్ 10 మెనూలో క్యాండీ క్రష్ పలక ఉండటానికి ఏ వాడకందారు అవసరమూ కారణం కాదు. 2024లో విండోస్ 11 మెనూలోని రికమెండెడ్ భాగంలో స్టోర్ యాప్‌ల ప్రచారం మొదలైంది. అది వద్దంటే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, స్టార్ట్ అన్న పేజీకి వెళ్లి సిఫార్సుల మీటను ఆపాలి. కొట్టువాడు గల్లాపెట్టె పక్కన ఏ సరుకు పెడతాడో అందరికీ తెలుసు. అది కొనేవాడి సౌకర్యం కోసం పెట్టాడని ఎవరూ అనరు. వచ్చినది వచ్చినట్టు ఉంచడం తటస్థంగా ఉండటం అనిపించుకోదు, మరొకరి ఎంపికకు తలూపడమే అవుతుంది.

బలంగా వినిపించే మరో వాదం సెర్చ్‌ది. 2007లో విస్టా స్టార్ట్ మెనూలో వెతికే పెట్టె పెట్టింది. అప్పటినుంచి, పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే ప్రోగ్రాము తెరుచుకుంటున్నప్పుడు అమరికతో పనేముందని అడుగుతున్నారు. ఏడాదికోసారి వాడే ప్రోగ్రాముకు సెర్చ్‌ను మించినది లేదని ఒప్పుకోవాలి. రోజువారీ పనికి మాత్రం అది నాలుగు షరతులు పెడుతుంది: పేరు గుర్తుండాలి, దాన్ని ఇంగ్లీషులో రాయగలగాలి, చేయి మౌస్ మీది నుంచి కీబోర్డుకు మారాలి, కీబోర్డు ఆ సమయానికి ఇంగ్లీషులోనే ఉండాలి. చూసి గుర్తుపట్టడం కన్నా తలచుకుని పేరు చెప్పడం కష్టమన్నది మనస్తత్వశాస్త్రంలో పాత సంగతి. మనిషి ముఖం ఎదురుగా కనిపిస్తే ఎవరో తెలుస్తుంది, పేరు మాత్రం నాలుక చివరే ఆగిపోతుంది.

కీబోర్డు షరతు తెలుగులో రాసేవారికి తగిలినట్టు ఇంగ్లీషులోనే పనిచేసేవారికి తగలదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో వార్త కంపోజ్ చేస్తున్న మనిషి మధ్యలో స్టార్ట్ నొక్కి, వర్డ్ అన్న మాటలోని నాలుగు ఇంగ్లీషు మీటలూ కొడితే పెట్టెలో పడేవి ఐత్వం, దకారం, గుడిదీర్ఘం, పొల్లు. ఆ నాలుగింటినీ కలిపితే తెలుగు మాట కూడా కాదు, ప్రోగ్రాము పేరు సంగతి చెప్పనక్కర్లేదు. కీబోర్డు మార్చి, మళ్లీ కొట్టి, ప్రోగ్రాము తెరిచి, తిరిగి తెలుగుకు మారాలి. అదే ఐకాన్ మెనూలో తెలిసిన మూలన ఉంటే ఒక్క క్లిక్కుతో సరిపోతుంది. తెలుగు డీటీపీ చేసేవారి కంప్యూటర్లలో పేజ్‌మేకర్ ఐకాన్ ఏళ్ల తరబడి జరగకుండా ఉండటాన్ని అలవాటు బలం అని కొట్టిపారేయడం తేలిక. చేతి పని చేసేవారెవరూ పనిముట్టును పేరు పెట్టి పిలవరు, చేయి చాచి అందుకుంటారు. పోపు వేసేటప్పుడు ఆవాల గిన్నె ఎక్కడుందో కన్ను వెతకదు. పైగా ఇప్పటి స్టార్ట్ సెర్చ్ కంప్యూటర్‌లో ఉన్నదానితో ఆగకుండా, ఇంటర్నెట్ ఫలితాలను కూడా వరుసలో కలుపుతుంది. అక్షరం తప్పుపడితే ప్రోగ్రాము బదులు బ్రౌజర్ తెరుచుకోవచ్చు.

యంత్రమే నేర్చుకుని సర్దుతుందన్న ఆశ కూడా కొత్తది కాదు. 2000లో వచ్చిన విండోస్ 2000లో కొంతకాలం వాడని వరుసలను మెనూ తనంతట తనే దాచేది. కింద ఉన్న జంట బాణాల మీద నొక్కితే తిరిగి కనిపించేవి. సంవత్సరాంతపు లెక్కలకు మాత్రమే వాడే ప్రోగ్రాము సరిగ్గా ఆ రోజుకే కనబడకుండా పోయేది. ఇలాంటి మెనూల మీద పరిశోధన అంతకుముందే జరిగింది. 1989లో మిచెల్, బెన్ ష్నైడర్‌మన్ చేసిన ప్రయోగంలో, వాడకాన్ని బట్టి వరుస మారిపోయే మెనూ మొదట్లో స్థిరమైన మెనూ కన్నా జనాన్ని ఆలస్యం చేసింది. పాల్గొన్నవారిలో ఎక్కువమంది స్థిరమైనదానికే ఓటు వేశారు. 2004లో కెనడాలో లియా ఫిండ్‌లేటర్, జొవానా మెక్‌గ్రెనెర్ మూడు రకాలను పోల్చి చూశారు: అసలు మారనిది, యంత్రం మార్చేది, వాడే మనిషి మార్చుకునేది. యంత్రం మార్చేదాని కన్నా మారనిదే వేగంగా నడిచింది. ఇష్టం అడిగితే ఎక్కువమంది తాము మార్చుకునేదాన్నే కోరుకున్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. తాను పెట్టిన చోటు మనిషికి గుర్తుంటుంది. తనకు తెలియకుండా మరొకరు జరిపిన చోటును మళ్లీ వెతకాలి.

ఇంత తెలిసాక కూడా విండోస్ 11, 2021 అక్టోబరులో, మెనూ కింది భాగాన్ని రికమెండెడ్‌కు రాసిచ్చింది. ఇటీవల తెరిచిన ఫైళ్లు, కొత్తగా ఎక్కించిన యాప్‌లు అక్కడ వాటంతట అవే వచ్చిపోతుంటాయి. కొన్నేళ్లపాటు ఇంకో వింత కూడా నడిచింది. సిఫార్సులన్నీ ఆపేసినా ఆ జాగా పిన్‌లకు దక్కేది కాదు. ఖాళీగా ఉండి, సిఫార్సులు కావాలంటే మీటలు తిరిగి వేయమని చెప్పేది. పోగొట్టుకున్నవి కూడా తక్కువేమీ కాదు. విండోస్ 10లో మెనూ అంచు పట్టి లాగి పెద్దది చేసుకోవచ్చు, పలకల గుంపులకు పేర్లు పెట్టుకోవచ్చు. ఆ రెండు సౌకర్యాలూ విండోస్ 11లో పోయాయి. ఫోల్డర్లు చేసుకునే వీలు కూడా 2022లో గానీ రాలేదు.

బటన్ స్థానం చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, స్థిరత్వం విలువ అక్కడే బాగా తేలుతుంది. గురి ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరైతే చేయి అంత త్వరగా చేరుతుందని పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించాడు. తెర మూలకు ఇందులో ఒక ప్రత్యేక సౌలభ్యం ఉంది. మౌస్‌ను ఎంత విసురుగా తోసినా బాణం మూల దాటి పోదు, కాబట్టి గురి చూడకుండానే మూలను కొట్టవచ్చు. విండోస్ 11 బటన్‌ను మూల నుంచి తీసి టాస్క్‌బార్ మధ్యకు చేర్చింది. మధ్యలో ఉన్న ఐకాన్లన్నీ కలిసి సర్దుకుంటాయి గనక, కొత్త ప్రోగ్రాము తెరిచినప్పుడల్లా స్టార్ట్ బటన్ కొంచెం ఎడమకు జరుగుతుంది, మూసినప్పుడు కుడికి వస్తుంది. తలుపు గడియ రోజుకో అంగుళం జరిగే ఇంట్లో చీకట్లో తలుపు తీయడం ఎంత సుఖమో ఇదీ అంతే. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అమరికను ఎడమకు మారిస్తే బటన్ మూలకు చేరి అక్కడే నిలుస్తుంది. ఈ ఒక్క మార్పుకు పట్టేది అర నిమిషం.

సమయం వృథా అన్న మాటకు కొంత జవాబు అందులోనే ఉంది. మిగతాది 1991లో వెండీ మెకే ప్రచురించిన అధ్యయనంలో దొరుకుతుంది. ఎంఐటీలో 51 మంది వాడకందారులను గమనించిన ఆమె, తీరిక లేకపోవడమే సర్దుకోకుండా ఆపే ముఖ్య కారణమని గుర్తించారు. అలాగే సాఫ్ట్‌వేర్ మారినప్పుడు, కొత్తదాన్ని పాతదానిలా నడిపించుకోవడానికి చాలామంది సర్దుబాటుకు దిగుతారనీ చూశారు. ఇది నేటికీ నిజమే. సర్దుకునేవారిలో ఎక్కువమంది సమయాన్ని తినేది వాళ్ల చాపల్యం కాదు. కుదిరిన అమరికను ప్రతి కొత్త విడుదలా చెదరగొట్టడం వల్ల అదే పని మళ్లీ చేయాల్సివస్తోంది. వృథా లెక్క రాయాలంటే ఆ ఖాతాలో రాయాలి.

అయితే సర్దుబాటు పేరుతో చేసేదంతా మంచిదేనని కాదు. వారానికోసారి మెనూ తిరగేసేవారు యంత్రం చేసే తప్పునే స్వహస్తాలతో చేస్తున్నారు. విండోస్ లోపలి భాగాలను తవ్వి పనిచేసే బయటి సాధనాలు అప్‌డేట్ వచ్చినప్పుడు మొరాయిస్తాయి, ఒక్కోసారి డెస్క్‌టాపే సరిగా తెరుచుకోదు. సెట్టింగ్స్‌తో అయ్యే పనికి అవి అక్కర్లేదు. నెట్ సెంటర్, కాలేజీ ల్యాబ్ వంటి పదిమంది వాడే చోట ఒకరి ఇష్టం తొమ్మిదిమందికి అడ్డమవుతుంది. అక్కడ ఎవరి ఖాతా వారికి ఉండాలి, లేదా నిర్వాహకుడే పనికి తగ్గ అమరికను తయారుచేసి అన్ని కంప్యూటర్లకూ ఒకేలా పంపాలి. విండోస్‌లో ఆ వీలుంది. అది కూడా డిఫాల్ట్‌ను కాదనడమే, కాకపోతే అందరి తరఫునా ఒకరు కాదంటారు.

2025 చివర్లో విస్తరించిన కొత్త రూపంలో విండోస్ 11 కొంత వెనక్కి తగ్గింది. రికమెండెడ్‌ను పూర్తిగా దాచవచ్చు, పిన్‌లు, మొత్తం యాప్‌లు ఒకే పేజీలో కిందికి జరుపుతూ చూడవచ్చు. యాప్‌లను జాతులవారీగా చూపే పద్ధతి కూడా చేరింది. ఏ యాప్ ఏ జాతిదో మాత్రం విండోసే నిర్ణయిస్తుంది. వాడేవారు సొంతంగా ఒక జాతిని చేర్చుకోలేరు, తప్పు గుంపులో పడినదాన్ని మరో గుంపులోకి మార్చలేరు. 1995లో ఒక ఫోల్డర్ తెరిచి ఫైలును లాగితే అయిపోయిన పని అది.