టిక్కెట్ల లెక్కకు అందని రైలు



ఎక్కడో ఇంగ్లండులో, ఎప్పుడో మూతపడిన చిన్న రైలు మార్గాల గురించీ, వాటిని అట్టముక్కలతో ఇత్తడి రేకులతో మళ్ళీ కట్టుకునే మనుషుల గురించీ మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. బొమ్మ రైలంటే డబ్బున్నవాళ్ళ ఆట అనే అభిప్రాయం మనలో ఉంది. కొట్లో అమ్మే బొమ్మ ఇంజను ధర చూస్తే ఆ అభిప్రాయం తప్పని నేనూ అనలేను. అయితే "సంఖ్య తక్కువగా ఉంది కాబట్టి ఎత్తేద్దాం" అనే మాట మన బళ్ళ గురించీ, హాస్టళ్ళ గురించీ విన్నప్పుడల్లా నాకు ఆ బ్రాంచి లైన్లే గుర్తుకొస్తాయి. చిన్నదాని విలువను ఎలా లెక్కకట్టకూడదో వాటి చరిత్ర చెప్పినంత బాగా మరేదీ చెప్పదని నా నమ్మకం.

బ్రాంచి లైను అంటే మెయిన్ లైను మీది జంక్షన్ దగ్గర చీలి, ఏ చిన్న పట్నానికో, సముద్రపు ఒడ్డుకో వెళ్ళి ఆగిపోయే లైను. చాలావరకు ఒంటి లైనే. డెవాన్ ప్రాంతంలో టోట్నెస్ నుండి ఆష్‌బర్టన్‌కు 1872లో వేసిన లైను అలాంటిది. చిన్న ఇంజను, ఒకటో రెండో పెట్టెలు, అంతే బండి. మామూలుగా చివరి స్టేషన్‌లో ఇంజనును విడదీసి, పక్క లూపులోంచి నడిపించి, రెండో వైపు తగిలించాలి. ఆ శ్రమ తప్పించడానికి గ్రేట్ వెస్ట్రన్ రైల్వే వాళ్ళు "ఆటో కోచ్" అనే పెట్టెను వాడారు. పెట్టె చివర డ్రైవరుకు చిన్న గది ఉంటుంది. తిరుగు ప్రయాణంలో డ్రైవరు అందులో నిలబడి, అడుగున ఉన్న కడ్డీల ద్వారా ఆవిరిని అదుపు చేస్తాడు. వెనకనుండి తోసే ఇంజనులో ఫైర్‌మన్ ఒక్కడే బొగ్గు వేస్తూ, నీళ్ళ మట్టం చూసుకుంటూ ఉంటాడు. ఇద్దరి మధ్యా పెట్టె పొడవంత దూరం. ఒకరినొకరు నమ్మకపోతే ఆ బండి కదలదు.

స్టేషన్‌లోనూ అంతే. టిక్కెట్లు వసూలు చేసినవాడే పార్సిళ్ళు మోసేవాడు, దీపాలు తుడిచేవాడు. గూడ్సు బండి వచ్చి ఊరికి కావలసిన బొగ్గు వ్యాగన్లను వదిలి, ఖాళీవాటిని తగిలించుకుని పోయేది. ఇద్దరు ముగ్గురు మనుషులు ఊరినంతటినీ బయటి ప్రపంచంతో కలిపి ఉంచేవారు. ఆష్‌బర్టన్‌కు 1958లో ప్రయాణికుల బండి, 1962లో గూడ్సు ఆగిపోయాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 1962లో బ్రిటిష్ రైల్వేల నష్టం 10 కోట్ల పౌండ్లు దాటింది. ఐ.సి.ఐ. అనే రసాయనాల కంపెనీ నుండి వచ్చి రైల్వే బోర్డు అధ్యక్షుడైన డాక్టర్ రిచర్డ్ బీచింగ్ 1963 మార్చిలో ఒక నివేదిక ఇచ్చాడు. 2,363 స్టేషన్లు, దాదాపు 5,000 మైళ్ళ లైన్లు మూసేయాలన్నాడు. దేశంలోని లైన్లలో మూడో వంతు మీద ప్రయాణం చేసేది ఒక్క శాతమే అని అంకెలు చూపించాడు. అప్పటి రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ రోడ్లు వేసే కంపెనీ పెట్టి పైకొచ్చినవాడు. ఆ మాట ఇక్కడ చెప్పి ఊరుకుంటాను.

బీచింగ్ అంకెలు దొంగ అంకెలు కావు. నిజంగానే ఖాళీగా తిరిగిన బళ్ళు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటిని ఏ దేవుడూ కాపాడలేడు. నా అభ్యంతరమల్లా లెక్క వేసిన పద్ధతి మీద. సర్వే చేసింది 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం. సముద్రపు ఒడ్డు ఊళ్ళకు జనం కదిలేది వేసవి సెలవుల్లో. ఏప్రిల్‌లో చూస్తే అక్కడ ఎవరుంటారు? మరొకటి, ఒక స్టేషన్ విలువను ముఖ్యంగా అక్కడ అమ్ముడైన టిక్కెట్లతో కొలిచారు. లండన్‌లో రానూపోనూ టిక్కెట్టు కొనుక్కుని ఆ ఊరికి వచ్చినవాడి డబ్బు లండన్ ఖాతాలో పడింది, ఊరి స్టేషన్ మాత్రం బీద స్టేషన్‌గా మిగిలింది. బ్రాంచి లైను తీసేస్తే జనం కారులోనో బస్సులోనో జంక్షన్ దాకా వచ్చి రైలెక్కుతారని ఆశించారు. కారున్నవాడు ఒకసారి కారెక్కాక జంక్షన్‌లో ఎందుకు దిగుతాడు? చివరిదాకా కారులోనే పోయాడు. చిన్న కాలువ పూడ్చితే పెద్ద కాలువకూ నీళ్ళు తగ్గాయి.

కార్న్‌వాల్‌లో లిస్కార్డ్ నుండి లూ అనే చేపల రేవుకు వెళ్ళే లైను కూడా ఆ జాబితాలో ఉంది. 1966లో మూసివేతకు కొద్దిరోజుల ముందు మంత్రి బార్బరా కాజిల్ దాన్ని ఆపింది. ఇరుకు కొండదారుల్లో బస్సులూ కార్లూ పోయేలా రోడ్లు బాగుచేయడానికి అయ్యే ఖర్చు లెక్క వేస్తే, రైలును ఉంచుకోవడమే మేలని తేలింది. కాగితం అదే, మరో గడి నింపేసరికి జవాబు మారిపోయింది. ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది. కూమ్ జంక్షన్ దగ్గర గార్డు కిందికి దిగి, పట్టాల పక్కనున్న మీటతో పాయింట్లు మారుస్తాడు. డ్రైవరు ఈ చివర నుండి ఆ చివరికి నడిచి వెళ్ళి బండిని వెనక్కి తిప్పుతాడు.

డెవాన్‌లోని ఓక్‌హాంప్టన్‌కు రోజువారీ ప్రయాణికుల బళ్ళు 1972లో ఆగిపోయాయి. అయితే పక్కనున్న మెల్డన్ క్వారీ నుండి రైల్వేకు కంకర రావాలి కనుక పట్టాలు పీకలేదు. 2021 నవంబరులో మళ్ళీ రోజువారీ బండి మొదలైంది. పట్టాలుండబట్టి ఆ పని సులువైంది. మన కాకినాడ–కోటిపల్లి బ్రాంచి లైను పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. తిరిగి వేసి బండి నడిపేసరికి 2004 వచ్చింది. ఎత్తేయడానికి ఒక సంతకం చాలు, తిరిగి పెట్టడానికి తరాలు పడుతుంది.

కాబట్టి ఒక బడిలో పిల్లలు తగ్గారనో, ఒక హాస్టల్‌లో సీట్లు నిండలేదనో, పక్క ఊరిదానిలో కలిపేద్దామనో ఎవరైనా కాగితం పట్టుకొస్తే మనం కోపగించుకోనవసరం లేదు. ప్రశ్నలు వేస్తే చాలు. ఏ నెలలో లెక్కపెట్టారండీ? అమ్మానాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని వలస పోయే నెలలోనా? ఇక్కడ పదో తరగతి చదివి పట్నం కాలేజీలో చేరినవాళ్ళను ఎవరి ఖాతాలో రాశారు? పక్క ఊరికి నడిచిపోలేక చదువు మానేసే ఆడపిల్ల ఏ గడిలో ఉంది?

ఇక బొమ్మ రైళ్ళ సంగతి. బ్రాంచి లైన్లు మాయమవుతున్న కాలంలోనే ఇంగ్లండులో వాటి నమూనాలు ఇంటింటా లేచాయి. గదులు చిన్నవి, చేతిలో డబ్బు తక్కువ. పెద్ద జంక్షన్ ఎవరూ కట్టలేరు, చివరి స్టేషన్ ఒక్కటీ కట్టగలరు. అక్కడ ఎక్కువమంది వాడే కొలత ప్రకారం అసలు అడుగుకు నమూనాలో 4 మిల్లీమీటర్లు. 300 మీటర్ల స్టేషన్ ఆ లెక్కన నాలుగు మీటర్లలో సరిపోతుంది. తమాషా ఏమిటంటే అదే కొలతలో పట్టాల మధ్య దూరం 18.83 మిల్లీమీటర్లుండాలి, బజారు పట్టాలకు ఉండేది 16.5. బ్రిటిష్ ఇంజన్లు చిన్నవి కావడంతో అప్పటి మోటార్లు వాటిలో పట్టలేదు, అందుకని బండిని పెద్దది చేసి పట్టాలను అలాగే వదిలేశారు. ఆ రెండు మిల్లీమీటర్ల కోసం దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు!

ఆస్ట్రేలియా నుండి 1925లో వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన, కళ్ళముందే పాత పల్లె ఇళ్ళు పోతుంటే చూడలేక వాటిని అట్టతో కట్టడం మొదలుపెట్టాడు. కుళాయి మేస్త్రీలు వాడే నార పోగులతో గడ్డికప్పులు నేశాడు. లాంగ్ విటెన్‌హామ్‌లోని పెండన్ మ్యూజియం అలా పుట్టింది. పీటర్ డెన్నీ అనే చర్చి ఫాదరు 1907 నాటి ఊహా బ్రాంచి లైనును స్వయంగా నిర్మించి, టైంటేబుల్ ప్రకారం, స్టేషన్ల మధ్య గంటలు కొట్టుకుంటూ నడిపాడు. మనిషి తక్కువైన చోట పనిచేయడానికి ఒక యంత్రం తయారుచేసి, కొడుకు పేరు మీద "ఆటోమేటిక్ క్రిస్పిన్" అన్నాడు.

నాకు డెన్నీ దారే ఎక్కువ నచ్చుతుంది. అద్దాల పెట్టెలో పెట్టిన ఇంజను కేవలం బొమ్మ. నియమం ప్రకారం నడిచేదే రైలు. ఒంటి లైనుకు ముఖ్య నియమం ఒకటే: ఆ ముక్క పేరు చెక్కిన బిళ్ళ చేతిలో ఉంటేనే డ్రైవరు ముందుకు పోవాలి. ఒక సమయంలో ఒక ముక్కకు ఒక్క బిళ్ళే బయటికి వచ్చేలా ఎడ్వర్డ్ టయర్ 1878లో విద్యుత్ యంత్రం తయారుచేశాడు. మన ఒంటి లైన్లలో దశాబ్దాలపాటు స్టేషన్ సిబ్బంది రింగుకు కట్టిన సంచిలో డ్రైవరుకు అందించిన నీల్స్ బాల్ టోకెన్ కూడా ఆ వంశానిదే. యంత్రం తప్పు చేయలేదు, మనుషులు చేశారు. 1921 జనవరి 26న వేల్స్‌లోని అబర్‌మ్యూల్ స్టేషన్‌లో, వచ్చిన బండి తెచ్చిన బిళ్ళ చేతులు మారి, పేరు చదవకుండానే తిరిగి అదే డ్రైవరుకు అందింది. ఆయనా చదవలేదు. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వచ్చింది. 17 మంది చనిపోయారు. ఈ సంగతి పుస్తకంలో చదివితే మరిచిపోతాం. బల్లమీద రెండు స్టేషన్లు పెట్టి, బిళ్ళ చేతికి వస్తేనే బండి కదపాలని ఆడినవాడు మరిచిపోడు.

మన వైజ్ఞానిక ప్రదర్శనల్లో ఏటా థర్మోకోల్ అగ్నిపర్వతాలు, కదలని ఆనకట్టలు చూస్తూనే ఉన్నాం. వాటి ఖర్చులో పదో వంతు కూడా అక్కర్లేని ఒకటి చెబుతాను. అలన్ రైట్ అనే ఇంగ్లీషాయన తన "ఇంగిల్‌నుక్ సైడింగ్స్" నమూనాతో ప్రచారంలోకి తెచ్చిన షంటింగ్ ఆట ఇది. స్టడీ అవర్ అయ్యాక బల్లమీద సుద్దముక్కతో మూడు లైన్లు గీయండి. ఒకదానిలో అయిదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పట్టాలి. మూడూ ఒక వైపు కలిసి ఒకే లైను కావాలి, అందులో ఇంజనూ మూడు వ్యాగన్లూ మాత్రమే పట్టాలి. ఎనిమిది అగ్గిపెట్టెలకు అంకెలు వేసి, పొడవు లైనులో అయిదు, ఒక పొట్టి లైనులో మూడు ఉంచండి. ఎనిమిది చీటీల్లో అయిదు తీయండి. చీటీలు వచ్చిన వరుసలోనే ఆ అయిదు పెట్టెల బండిని పొడవు లైనులో తయారుచేయాలి. చేత్తో ఎత్తకూడదు, ఇంజను లాగాలి లేదా తోయాలి. 8×7×6×5×4, అంటే 6,720 రకాల వరుసలు రావచ్చు. నాకు తొలి వరుసకే గంటంబావు పట్టింది. నా పక్క మంచం తమ్ముడు, తొమ్మిదో తరగతి, పన్నెండు నిమిషాల్లో చేసి పడుకున్నాడు.