పట్టుకుంటే ప్రేమేనా?

ఆడపిల్లకు దయ్యం పట్టిందంటే తాయెత్తు కట్టిస్తాం. అబ్బాయికి ఆడపిల్ల పిచ్చి పట్టిందంటే మాత్రం "పాపం, ప్రేమించాడు" అంటాం. ఇదెక్కడి న్యాయం?

మా అమ్మాయి 'దురరారా' అనే జపాన్ బొమ్మల సీరియల్ చూస్తుంటే నేనూ కూర్చున్నాను. 2010లో వచ్చింది. టోక్యోలోని ఇకెబుకురో వీధుల్లో సైకా అనే కత్తి జనం మీద పడుతుంటుంది. దానికి మనుషులంటే ప్రేమ. ఆ ప్రేమ చెప్పుకోవడానికి దానికి తెలిసిన దారి కోయడమొక్కటే. గాయపడినవాళ్ల కళ్లు ఎర్రబడతాయి, ఇక వాళ్లు దాని మాటే వింటారు.

మనకిదేమన్నా కొత్తా? 2009 నాటి 'అరుంధతి'లో పశుపతి సమాధిలో పెట్టినా వదలడు. వాణ్ణి చూసి భయపడ్డాం. అదే పని బతికున్న హీరో చేస్తే, కాలేజీ దాకా వెంటబడి ఆ పిల్ల చేత ఊ అనిపించుకుంటే, చప్పట్లు కొట్టాం. హిందూపురం బస్టాండులో అమ్మాయిల వెనక తిరిగే కుర్రాళ్లకు గురువులు ఆ హీరోలే.

2013 నుంచి ఇలా వెంటబడటం చట్టప్రకారం నేరం. మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా జైలు. మన ఇళ్లలో శిక్ష మాత్రం అమ్మాయికే. చదువు మాన్పించి పెనుకొండలోనో, మరో ఊళ్లోనో సంబంధం చూసేస్తాం.

పట్టు అంటే చీరా, పిడికిలీ రెండూనూ. మరీ బిగిస్తే దారం తెగుతుందని ధర్మవరం నేతగాళ్లకు తెలుసు. మన కొడుకులకు ఎవరు చెప్పాలి? ఈ రాత్రి అన్నం పెడుతూ మనమే చెబుదాం: వద్దందంటే వెనక్కి వచ్చేయాలి, నాయనా.